క్లాసు, తరగతి, వర్గం : చరిత్రకారుడి లెక్క, వైద్యుడి లెక్క

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం, బి.జెడ్.సి.)

క్లాసు అన్న మాట మన కళాశాల ఆవరణలో ఎన్ని వేషాలు వేసుకుని తిరుగుతుందో ఒక్క రోజు లెక్కపెట్టి చూడండి. "క్లాసుందిరా" అంటే పాఠం. "ఫస్టు క్లాసు" అంటే నూటికి అరవై. "సార్ క్లాసు పీకారు" అంటే చీవాట్లు. జువాలజీ లేబరేటరీలోకి అడుగు పెడితే క్లాస్ మమేలియా, క్లాస్ రెప్టీలియా. హిస్టరీ మిత్రుల గదికి పోతే శ్రామికవర్గం, భూస్వామ్యవర్గం. పెద్దాసుపత్రికి పోతే "గుండె క్లాస్ త్రీలో ఉంది" అంటాడు డాక్టరు. తెలుగులోకి దించుదామా అంటే అక్కడా చిక్కే. తరగతి అంటే బడిలో మెట్టు. వర్గం అంటే లెక్కల మాష్టారికి రెండో ఘాతం, తెలుగు పండితులకు క-చ-ట-త-ప, మా కర్నూలు జిల్లా పల్లెల్లో అయితే బాంబులూ కొడవళ్ళూ గుర్తుకొచ్చే మాట.

ఇన్ని అర్థాలున్నా చదువుకున్నవాళ్ళు కొట్టుకునేది రెండింటి దగ్గరే. సాంఘిక చరిత్ర చదివేవాడు క్లాస్ అన్నప్పుడు ఒకటి అనుకుంటాడు, వైద్యశాస్త్రం చదివేవాడు క్లాస్ అన్నప్పుడు ఇంకొకటి అనుకుంటాడు. ఇద్దరూ ఒకే కాగితం మీద ఆ మాట రాసినప్పుడు మూడోవాడెవడో, సాధారణంగా పేదవాడు, మధ్యలో నలుగుతాడు. నేను సైన్సు విద్యార్థిని, చరిత్ర నా సబ్జెక్టు కాదు. అయినా రైతు బిడ్డను గనక ఈ మాట నన్ను వదిలిపెట్టలేదు. గ్రంథాలయంలో కొంతా, మా వూళ్ళో కొంతా తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాను.

మాట పుట్టుక రోములో. సెర్వియస్ టుల్లియస్ అనే పూర్వపు రాజు పేరు మీద చెప్పుకునే ఏర్పాటు ఒకటుంది. పౌరులను ఆస్తిని బట్టి 5 క్లాసిస్‌లుగా విడగొట్టి, ఎవడు ఏ ఆయుధం తెచ్చుకోవాలో, ఎవడి ఓటు ఎప్పుడు పడాలో నిర్ణయించారు. మొత్తం 193 ఓటు గుంపుల్లో గుర్రపు రౌతులూ మొదటి క్లాసూ కలిస్తేనే 98. అంటే పైవాళ్ళు ఒక్కమాట మీద నిలబడితే కిందివాళ్ళ దాకా ఓటు రానక్కరలేదు. అయిదింటికీ కింద, సంతానం తప్ప ఆస్తి లేనివాళ్ళను ప్రొలిటేరియై అన్నారు. పుట్టినప్పుడే ఈ మాట జనాభా లెక్కల గుమాస్తా పుస్తకంలో పుట్టిందన్నమాట. అటు గడి, ఇటు అధికారం, రెండూ దాని జాతకంలోనే ఉన్నాయి.

మన జంతుశాస్త్రంలోకి దీన్ని తెచ్చినవాడు లిన్నేయస్. ఆయన వృత్తికి వైద్యుడు, ఉప్సాలా విశ్వవిద్యాలయంలో 1741 నుంచి వైద్య ఆచార్యుడు. జంతువులకూ మొక్కలకూ క్లాసులు కట్టిన చేతితోనే 1763లో రోగాలకూ క్లాసులు కట్టాడు, పదకొండు. అదే ఏడు ఫ్రాన్సులో సోవాజ్ అనే వైద్యుడు పది కట్టాడు. జ్వరాలొక క్లాసు, నొప్పులొక క్లాసు, ఇట్లా. ఆ పట్టికలు ఇప్పుడెవరూ వాడరు కాని ఆ అలవాటు మాత్రం పోలేదు. మందులకు క్లాసులు, ప్రతిరక్షకాలకు క్లాసులు, గుండెజబ్బుకు క్లాసులు. ఈ క్లాసుకు ఒక లక్షణం ఉంది. ఒక గడిలో ఉన్న వస్తువుకు పక్క గడిలోని వస్తువుతో జగడం లేదు. క్షీరదాలు క్షీరదాలైనందువల్ల సరీసృపాలకు నష్టం ఏమీ లేదు. పోలిక ఉంటే ఒక గడి, లేకపోతే వేరే గడి, అంతటితో సరి.

గుండె క్లాసుల సంగతి కాస్త విడమరచి చెప్పాలి. న్యూయార్కు హార్ట్ అసోసియేషన్ వారు 1928లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. మామూలు పని చేసినా ఆయాసం రాకపోతే క్లాస్ వన్. మామూలు పనికే ఆయాసం వస్తే టూ. అంతకన్నా తక్కువ పనికే వస్తే త్రీ. కూర్చున్నా వస్తే ఫోర్. మా పెదనాయనను కర్నూలు తీసుకుపోయినప్పుడు డాక్టరుగారు ఇంగ్లీషులో నర్సమ్మతో "క్లాస్ త్రీ" అన్నారు. పెదనాయన బయటికొచ్చి, "మూడో తరగతి పెట్టె రైళ్ళలో తీసేసి ఎన్నేండ్లాయె, నాకు మాత్రం ఇంకా అదేనా నాయనా" అన్నాడు. నిజమే, మన రైల్వేలు 1974లో మూడో తరగతిని ఎత్తివేసి దానికి రెండో తరగతి అని పేరు పెట్టాయి. బెంచీలు అవే, బోర్డు మారింది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, ఆ గుండె క్లాసుల్లో "మామూలు పని" అన్న మాటను గమనించండి. ఎవరికి మామూలు? బ్యాంకు ఉద్యోగికి మామూలు పని అంటే మెట్లెక్కడం, బజారుకు నడవడం. మా పెదనాయనకు మామూలు పని అంటే యాభై కిలోల ఎరువు మూట భుజాన వేసుకుని గట్టు మీద నడవడం. ఇద్దరి గుండెలూ ఒకే మోతాదులో చెడిపోయాయనుకుందాం. ఉద్యోగి క్లాస్ వన్‌లోనే ఉండి తనకు జబ్బుందని కూడా ఎరగడు. రైతు క్లాస్ టూ అయిపోయి పని మానుకుంటాడు, లేదా మానుకోలేక త్రీకి పోతాడు. సామాజిక వర్గంతో ఏ సంబంధమూ లేదనుకున్న వైద్యుడి గడిలోకి సామాజిక వర్గం చెప్పకుండా దూరి కూర్చుంది. ఈ పద్ధతి రోగి చెప్పే మాట మీదా అడిగే డాక్టరు మీదా ఆధారపడుతుందనే విమర్శ వైద్యుల్లోనే ఉంది. రోగి చేసే పని మీద కూడా ఆధారపడుతుందని నేను దానికి చేర్చుతున్నాను.

ఇక చరిత్రకారుడి వైపు వద్దాం. పద్దెనిమిదో శతాబ్దం చివరి వరకు ఇంగ్లండులో జనాన్ని గురించి చెప్పేటప్పుడు అంతస్తు, హోదా అనే అర్థమిచ్చే మాటలే ఎక్కువ వాడేవారు. మిల్లులు వచ్చాక క్లాస్ అనే మాట బలపడింది. మార్క్స్ పేరు చెప్పగానే అందరికీ వర్గం గుర్తుకొస్తుంది కదా, కాని వర్గం అంటే ఏమిటో చెప్పబోయిన అధ్యాయాన్ని ఆయన పూర్తి చెయ్యలేదు. ఆయన పోయాక 1894లో ఎంగెల్స్ అచ్చువేయించిన పెట్టుబడి మూడో సంపుటం చివర ఆ అధ్యాయం రెండు పేజీలైనా నిండకుండా ఆగిపోతుంది. ఆగేముందు ఆయన ఒక ప్రశ్న వేస్తాడు. ఆదాయం వచ్చే మార్గాన్ని బట్టే వర్గమని అంటే, అప్పుడు వైద్యులు ఒక వర్గం, ప్రభుత్వోద్యోగులు ఇంకో వర్గం అయిపోరా అని. అంటే గడులు కట్టుకుంటూ పోతే అంతుండదని ఆయనకు అప్పటికే తెలుసు. ఉదాహరణకు వైద్యుణ్ణే ఎన్నుకోవడం నాకు తమాషాగా తోచింది.

ఆ అంతులేని పనికి మంచి జవాబు చెప్పింది ఇ.పి.థాంప్సన్ అనే చరిత్రకారుడు. ఇంగ్లీషు శ్రామికవర్గం తయారైన విధం గురించి 1963లో పెద్ద గ్రంథం రాశాడు. 1780కీ 1832కీ మధ్య చేనేతవాళ్ళు, మేజోళ్ళు అల్లేవాళ్ళు, పొలం కూలీలు తమకూ యజమానులకూ మధ్య ఉన్నదేమిటో అనుభవంలో తెలుసుకుంటూ వర్గంగా మారారంటాడు. ఆయన దృష్టిలో వర్గం ఒక వస్తువు కాదు, మనుషుల మధ్య సంబంధం. కౌలుదారు లేకుండా భూస్వామి లేడు, కూలీ లేకుండా యజమాని లేడు. క్షీరదానికీ సరీసృపానికీ ఉన్న తేడా కాదిది. అత్తకూ కోడలికీ ఉన్న తేడా వంటిది. ఒకరుంటేనే ఇంకొకరికి ఆ పేరు.

ఇప్పుడు ఈ రెండు అర్థాలూ ఎక్కడ కలుసుకున్నాయో చూద్దాం. చావుల లెక్కలో కలుసుకున్నాయి. 1842లో ఎడ్విన్ ఛాడ్విక్ అనే అధికారి బ్రిటన్ శ్రామికుల పారిశుద్ధ్యం మీద నివేదిక ఇచ్చాడు. అందులోని అంకెలు: మాంచెస్టర్‌లో పెద్దమనుషుల కుటుంబాల్లో మరణించేనాటి సగటు వయస్సు 38, వర్తకుల కుటుంబాల్లో 20, కూలీల కుటుంబాల్లో 17. రట్లండ్ అనే పల్లెటూళ్ళ జిల్లాలో అవే మూడూ 52, 41, 38. పట్నపు పెద్దమనిషి, పల్లెటూరి కూలీ సమానం! కూలీలందరూ పదిహేడో ఏట పోయారని దీని అర్థం కాదు, అయిదేళ్ళలోపు పిల్లలు గుంపులుగా పోవడం వల్ల సగటు అట్లా పడిపోయింది. ఛాడ్విక్ దీనికి మురికి కారణమన్నాడు, కాలువలు తవ్వమన్నాడు. మూడేండ్ల తర్వాత, 1845లో, ఎంగెల్స్ అదే మాంచెస్టర్ గురించి రాస్తూ కారణం యజమానుల లాభంలో ఉందన్నాడు. ఒకాయనకు వర్గం అంటే చావులు ఎక్కడున్నాయో చూపించే గుర్తు, రెండో ఆయనకు అదే చావులకు కారణం. నా ఉద్దేశంలో ఈ నూట ఎనభై ఏండ్ల తగవంతా ఆ మూడేండ్లలోనే ఉంది. అయితే కాలువలు తవ్వింది మాత్రం ఛాడ్విక్ పక్షంవాళ్ళే, అది మరవకూడదు.

బ్రిటన్‌లో జనన మరణాలు నమోదు చేసే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం 1911 జనాభా లెక్కలకు వృత్తిని బట్టి క్లాసులు కట్టింది. కట్టినవాడు టి.హెచ్.సి.స్టీవెన్‌సన్, ఆయనా వైద్యుడే. మన పాఠ్యపుస్తకాల్లో అయిదు క్లాసులనే రాస్తారు గాని మొదట ఎనిమిది ఉండేవి. ఒకటి నుంచి అయిదు వరకు మెట్లు. ఆరు బట్టల మిల్లు కార్మికులు, ఏడు గని కార్మికులు, ఎనిమిది వ్యవసాయ కూలీలు. చివరి మూడింటిని ఎందుకు విడిగా పెట్టారు? అవి మెట్ల వరుసలో ఇమడవు గనక. ముఖ్యంగా పొలం కూలీకి జీతం అడుగున ఉన్నా చావు రేటు తక్కువగా ఉండేది. అతణ్ణి అయిదో మెట్టు మీద కూర్చోబెడితే కిందికి దిగేకొద్దీ చావులు పెరుగుతాయన్న చక్కని వరుస చెడుతుంది. తరువాత 1921 నాటికి ఆ మూడింటినీ అయిదులో సర్దేశారు. వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాణ్ణి కాబట్టి ఈ సంగతి చదివినప్పుడు నాకు రెండు విధాలుగా అనిపించింది. మావాళ్ళు ఎక్కడా ఏ లెక్కలోనూ సరిగా ఇమడరని ఒకటి. క్లాసు అనే కొలబద్దను ఏ కొలత కోసం వాడబోతున్నారో ఆ కొలతను ముందే చూసుకుని కొంత చెక్కారని రెండోది. రెండోది శాస్త్ర విద్యార్థులు బాగా ఆలోచించవలసిన విషయం. థర్మామీటరును జ్వరం చూసి తయారు చేస్తామా?

అయినా ఆ కొలబద్ద పనికిరాలేదని అనలేం. 1948లో బ్రిటన్‌లో అందరికీ ఉచిత వైద్యం వచ్చింది. ముప్పై ఏండ్లు గడిచాక సర్ డగ్లస్ బ్లాక్ అధ్యక్షతన ఒక బృందం లెక్క తీస్తే, అయిదో క్లాసు మగవాళ్ళ చావు రేటు మొదటి క్లాసు కన్నా రెండింతలకు పైగా ఉంది. 1980 ఆగస్టులో ఆ నివేదికను ప్రభుత్వం 260 ప్రతులు మాత్రం తీసి, సెలవు రోజుల్లో, చప్పుడు లేకుండా వదిలింది. 1982లో పుస్తకంగా అచ్చయ్యాక లోకమంతా చదివింది. లండన్‌లో వైట్‌హాల్ గుమాస్తాల మీద 1967లో మొదలైన అధ్యయనం ఇంకా విచిత్రం. అక్కడ ఆకలితో ఉన్నవాడు ఎవడూ లేడు, అందరూ జీతగాళ్ళే. అయినా అడుగు గ్రేడువాళ్ళకు గుండెజబ్బు చావులు పై గ్రేడువాళ్ళ కన్నా మూడు రెట్లకు పైగా. పొగతాగడం, రక్తపోటు, కొలెస్టరాల్ అన్నీ తీసేసి చూసినా తేడాలో సగానికి పైగా మిగిలే ఉంది. ఒకరు ఆజ్ఞాపించడం, ఒకరు తల వంచడం అనేది రక్తనాళాల దాకా పోతుందా? మైకేల్ మార్మట్ బృందం ఆ దారినే వెతికింది. ఇది థాంప్సన్ చెప్పిన సంబంధానికి దగ్గరగా వచ్చిన వైద్యశాస్త్రం.

ఇంతవరకు ఇంగ్లండు కథ చెప్పాను. నన్ను నిజంగా కదిలించిన ఉదాహరణ ఇంకొకటి ఉంది, పెల్లాగ్రా. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేవడం, మెడ చుట్టూ పట్టీ వేసినట్టు మచ్చ, విరేచనాలు, చివరకు మతి చెడడం. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు పేద రైతుల్లో దీన్ని చూసి రాశాడు. ఆ మెడపట్టీని ఇప్పటికీ కసాల్ హారం అంటారు. పేదవాడికి వైద్యశాస్త్రం వేసిన హారం!

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇది మహమ్మారిలాగా వచ్చింది. అంటురోగమన్నారు కొందరు. చార్లెస్ డేవెన్‌పోర్ట్ వంటివారు వంశపారంపర్య బలహీనత అన్నారు. పేదవాళ్ళలోనే వస్తోంది గదా, పేదవాళ్ళ రక్తంలోనే ఏదో ఉందని. ఇక్కడ క్లాసు అనేది అచ్చంగా లిన్నేయస్ క్లాసు అయిపోయింది, పుట్టుకతో వచ్చే జాతి లాగా. 1914లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే ప్రభుత్వ వైద్యుణ్ణి పంపించారు. ఆయన అనాథాశ్రమాలూ పిచ్చాసుపత్రులూ చూసి ఒక చిన్న సంగతి గమనించాడు. లోపల ఉన్నవాళ్ళకు జబ్బు వస్తోంది, వాళ్ళను చూసుకునే సిబ్బందికి రావడం లేదు. అంటురోగమైతే ఈ మర్యాద ఎందుకు పాటిస్తుంది? మిసిసిపీలోని రెండు అనాథాశ్రమాల్లో పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం పెట్టించాడు, జబ్బు పోయింది. 1915లో జైలు తోటలో శిక్ష రద్దు చేస్తామన్న హామీ మీద ముందుకొచ్చిన ఖైదీలకు మొక్కజొన్న మొదలైన నాసి తిండి మాత్రమే పెట్టారు. ఆరు నెలలు తిరక్కుండా వాళ్ళలో ఆరుగురికి జబ్బు వచ్చింది. అది ఈనాడు ఏ నీతి సంఘమూ ఒప్పుకోని ప్రయోగం. క్షమాభిక్ష ఆశ చూపి మనిషికి జబ్బు తెప్పించడం కూడా వర్గ సంబంధమే మరి.

అంతటితో ఆగితే ఆయన మంచి డాక్టరుగా మిగిలేవాడు. 1916 నుంచి సిడెన్‌స్ట్రికర్ అనే గణాంకవేత్తతో కలిసి దక్షిణ కరోలినాలో ఏడు మిల్లు గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి ఆదాయం, తిండి, జబ్బు మూడూ రాసుకున్నాడు. ఆదాయం పెరిగేకొద్దీ పెల్లాగ్రా తగ్గుతూ పోయింది. ఆదాయం ఒకటే అయినా వూరికీ వూరికీ తేడా ఉంది, చుట్టుపక్కల కూరగాయలూ పాలూ అమ్మే రైతులు ఎక్కడుంటే అక్కడ జబ్బు తక్కువ. పాలికి చేసే రైతుల సంగతి ఇంకా అన్యాయం. భూమి యజమానికి పత్తి కావాలి, అప్పిచ్చే దుకాణానికీ పత్తే కావాలి. గడప దాకా పత్తి వేస్తే పాదుకు చోటెక్కడ, ఆవుకు మేతెక్కడ? పంట వచ్చేదాకా దుకాణం అప్పు మీద ఇచ్చే మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, బెల్లపు పాకమే తిండి. చలికాలమంతా అది తిని వసంతంలో మచ్చలు వచ్చేవి. 1920లో పత్తి ధర కూలినప్పుడు జబ్బు పెరుగుతుందని 1921లో హెచ్చరిక వెలువడితే, మా ప్రాంతానికి ఆకలి పేరు తగిలిస్తున్నారని దక్షిణాది నాయకులే కోపగించుకున్నారు.

ఈ భాగం చదివేటప్పుడు నాకు కరోలినా కనపడలేదు. మా వూరి నల్లరేగడిలో వాకిలి దాకా వచ్చిన పత్తి చేను, విత్తనమూ పురుగుమందూ అప్పిచ్చి పంట తనకే తూయమనే దుకాణం కనపడ్డాయి.

చివరికి 1937లో ఎల్వెహ్‌జెమ్ నికోటినిక్ ఆమ్లం ఇచ్చి కుక్కల్లో దీనికి సరిసమానమైన నల్లనాలుక జబ్బును నయం చేశాడు. 1940ల నుంచి పిండిలో ఆ విటమిన్ కలపసాగారు, పెల్లాగ్రా దాదాపు మాయమైంది. భూమి యజమాని యజమానిగానే ఉన్నాడు, పాలేరు పాలేరుగానే ఉన్నాడు, మచ్చ మాత్రం పోయింది. దీన్ని చూసి హిస్టరీ మిత్రులు మొహం ముడుచుకుంటారు గాని, మచ్చ పోవడం చిన్న విషయం కాదు. వర్గం మారేదాకా విటమిన్ ఆపుదామని ఏ తల్లీ అనదు.

మన తెలుగునేలకు దీనితో చుట్టరికం ఉంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో (1969 నుంచి అది జాతీయ పోషకాహార సంస్థ) సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా 1960లో ఒక సంగతి ప్రకటించారు. మొక్కజొన్న ఎరగని దక్కనులో జొన్న తినే పేదల్లో పెల్లాగ్రా ఉందని. జొన్నలో నయాసిన్ మరీ తక్కువేమీ కాదు, ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అదే చిక్కు తెస్తోందని వారి సిద్ధాంతం. దాని మీద తరువాత వాదోపవాదాలు నడిచాయి. మా అవ్వను అడిగితే, "జొన్న అందురుం తిన్యాం. మచ్చలు వచ్చింది మాత్రం కూలోల్లకే. మనకి పెరుగుండె, పప్పుండె. వాల్లకి సంగటీ మిరపకారమే గదా" అంది. ల్యూసిన్ పేరు వినకపోయినా గోల్డ్‌బర్గర్ వాదాన్ని ఆమె ఒక్క ఊపిరిలో చెప్పేసింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, జొన్న సంగటి పేదింటి నుంచి మెల్లగా తప్పుకుంది. ఇప్పుడు షుగరు ఉన్నవాళ్ళకు మంచిదని జొన్నరొట్టెను పట్నంలో బియ్యం కన్నా ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. గింజ అదే, తినే తరగతి మారింది. ఆ షుగరు కూడా దొరల జబ్బు అనేవారు. 2017లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. పరిశోధన ప్రకారం, బాగా అభివృద్ధి చెందిన రాష్ట్రాల పట్టణాల్లో అది కలవారికన్నా లేనివారిలోనే ఎక్కువ.

ఇక మన దేశపు కొలబద్దలు. మెడికల్ కాలేజీల్లో చదివే మిత్రులకు ఇవి కంఠోపాఠం. 1961 నాటి బి.జి.ప్రసాద్ పట్టికలో మనిషికి నెలకు 100 రూపాయలు దాటితే మొదటి క్లాసు, 15 లోపు అయితే అయిదో క్లాసు. ధరల సూచీ మారినప్పుడల్లా ఈ గీతలను జరుపుతూ ఉంటారు. 1964 నాటి పారిక్, త్రివేది పట్టిక పల్లెటూళ్ళకు. అందులో భూమికి, ఇంటికి, ఎద్దులకు, ట్రాక్టరుకు మార్కులున్నట్టే కులానికి కూడా మార్కులున్నాయి. సిగ్గుపడవలసిన విషయమని కొందరంటారు. నేనట్లా అనను. మన దేశంలో క్లాసు అడిగి కులం అడగకపోతే సగమే అడిగినట్టు. మన రాజ్యాంగమే "వెనుకబడిన తరగతులు" అని రాసింది, 1970లో అనంతరామన్ కమిషన్ ఆ తరగతుల జాబితా ఇవ్వవలసి వచ్చినప్పుడు కులాల పేర్లే ఇచ్చింది. పట్నాలకు 1976లో కుప్పుస్వామి కట్టిన పట్టికలో చదువుకు 7, వృత్తికి 10, ఆదాయానికి 12, మొత్తం 29 మార్కులు. వృత్తి కింద గుమాస్తా, దుకాణదారు, రైతు ముగ్గురికీ ఒకే గడి, 5 మార్కులు.

కిందటి ఏడు ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో ఆరోగ్య సర్వే చేయడానికి మాకూ ఇటువంటి ఫారం ఒకటిచ్చారు. "భూమి ఎంత" అని ఉంది, ఎవరిదని లేదు. "నెలసరి ఆదాయం" అని ఉంది. నేను వెళ్ళిన మొదటి ఇల్లు ఒక కౌలు రైతుది. ఎనిమిది ఎకరాలు చేస్తాడు, తనదంటూ సెంటు లేదు. భూమి ఎంత పెద్దాయనా అంటే ఎనిమిది ఎకరాలన్నాడు, అబద్ధం కాదు. నెలకెంత వస్తుంది అంటే నవ్వి, "నెలకెక్కడొస్తది సామీ, వస్తే ఏడాదికోపారి వస్తది, వచ్చిన్నాడే పోతది" అన్నాడు. ఎకరాలు వేస్తే ఆయన మధ్యతరగతి అవుతాడు. కౌలూ వడ్డీ పోగా లెక్కేస్తే ఆదాయం సున్నకు కింద ఉంటుంది, ఫారంలో సున్నకు కింద గడి లేదు. నేను మార్జిన్‌లో "కౌలు" అని రాసి, భూమి సున్న వేసి, అప్పు ఎంతో, ఎవరి దగ్గరో పక్కన రాశాను. మా బృందంలో అందరమూ అట్లాగే చేయాలని ఆ రాత్రి నిర్ణయించుకున్నాం. పొద్దున ఫారాలు తీసుకునేందుకు వచ్చిన ఆయన మార్జిన్‌లో రాసినవి కంప్యూటరులో ఎక్కవు అన్నారు. ఎక్కకపోయినా కాగితం మీద ఉంటాయిలెండి సార్ అన్నాం.

ఇది పంతం కోసం చేసిన పని కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి తెల్లకార్డే టిక్కెట్టు అయినప్పటి నుంచి గడి అంటే మందు, గడి అంటే ఆపరేషన్. పైగా వర్గం వల్ల జబ్బు రావడం ఒక్కటే కాదు, జబ్బు వల్ల వర్గం మారడం కూడా ఉంది. బ్లాక్ నివేదిక ఆ వాదాన్ని కూడా పరిశీలించి, తేడాకు అది ముఖ్య కారణం కాదని తేల్చింది. వారి దేశంలో ఆపరేషన్‌కు పొలం అమ్ముకోనక్కరలేదు గనక వారి తీర్పు వారికి సరే. మా వూళ్ళో పెదనాయన గుండె కోసం రెండు ఎకరాలు పోయాయి. ఆయన ఫారంలో ఇప్పుడు మార్కులు తగ్గుతాయి. ఆ తగ్గింది చూసి రేపు ఎవరైనా "భూమి తక్కువ ఉన్నవారిలో గుండెజబ్బు ఎక్కువ" అని పట్టిక గీస్తే, దాని వెనక ముందేదో వెనకేదో ఆ పట్టిక చెప్పలేదు. ఏ సంవత్సరంలో జబ్బు, ఏ సంవత్సరంలో అమ్మకం అని రెండు తేదీలు అడిగితే చెప్తుంది. ఆ రెండు తేదీలు అడగడం చరిత్రకారుడి అలవాటు.

ఆడవాళ్ళ సంగతి ఈ పట్టికల్లో మరీ విడ్డూరం. బ్రిటిషు లెక్కల్లో చాలాకాలం పెళ్ళయిన స్త్రీకి భర్త క్లాసే వేశారు. 2001లో వారు పాత పద్ధతిని మార్చి, వృత్తిలో ఎవరి కింద ఎవరు పనిచేస్తారు, పనికి భద్రత ఎంత అన్నదాన్ని బట్టి కొత్త పట్టిక తెచ్చారు. గడుల్లోకి సంబంధం కొంత వచ్చినట్టే. మన కుప్పుస్వామి, పారిక్ పట్టికల్లో చదువూ వృత్తీ ఇంటి పెద్దవే. మా అమ్మ తెల్లవారి నాలుగుకు లేచి పాలు పిండి, పగలంతా పత్తి తీసి, రాత్రి అందరికీ వండి పెడుతుంది, ఫారంలో ఆమె వృత్తి గడి లేనేలేదు. మా చెల్లెలు ఈ ఏడే ఇంటర్మీడియట్‌లో మా మండలంలో మొదటి వరుసలో వచ్చింది. ఆమె చదువుకు కూడా ఆ ఫారంలో పడేవి మా నాయన అయిదో తరగతి మార్కులే.